బొటనవేలి జవాబు

అచ్చాఫీసు మూతపడి మూడు నెలలైంది. పాతికేళ్లు అక్కడ అచ్చయ్యే పుస్తకాల్లో తప్పులు ఏరడమే ఆయన పని. ఒత్తు జారినా, చుక్క ఎగిరినా ఆయన కళ్లు గప్పి పోవడం కల్ల. మనుషులతో పరిచయాలు పెంచుకోవడం మాత్రం పనీపాటా లేనివాళ్ల వ్యవహారమని ఆయన గట్టి నమ్మకం. తీరా ఇప్పుడు పనీపాటా లేనిది తనకే. ఇల్లు భార్య కుట్టుమిషను మీద నడుస్తోంది.

"ఉద్యోగ ప్రకటనలు చూస్తూ కూర్చుంటే ఎలా నాన్నా? తెలిసినవాళ్లని అడగాలి," అంది కూతురు.

తెలిసినవాళ్లెవరా అని ఎంత గాలించినా ఒక్కడే తేలాడు. నత్త. పదేళ్లు పక్క కుర్చీలో కూర్చుని పనిచేసినవాడు. పేజీకి గంట తీసుకుంటాడని ఆ పేరు తగిలించిన పుణ్యాత్ముడు ఈయనే. ఐదేళ్ల కిందట వాడు సినిమాలకి సబ్‌టైటిళ్లు రాసే స్టూడియోకి వెళ్తుంటే, "బొమ్మల కింద అక్షరాలు పేర్చుకుని బతుకుతావుటోయ్?" అని నలుగురిలో నవ్వింది కూడా ఈయనే. ఇప్పుడు ఆ స్టూడియోలో మనుషుల్ని పనిలోకి తీసుకునేది నత్తే.

ఏ మొహం పెట్టుకుని అడగడం? అయినా అవసరం ఊరుకోనివ్వదు. ఫోన్ తీసి రాశాడు: "ఏమోయ్, కులాసాయేనా? మా చెల్లెమ్మ ఎలా ఉంది? నీ వల్ల చిన్న సాయం కావాలి." పంపేసి, ఎలా ఉందో చూడమని కూతురికి ఇచ్చాడు.

కూతురు వేలితో తెరని పైకి జరిపింది. "నాన్నా, దీని పైన ఏముందో చూశావా?"

పైన రెండేళ్ల నాటి మెసేజ్ ఉంది. "అన్నా, మా ఇంటావిడ ఈ పొద్దున పోయింది. మీకు చెప్పుకోవాలనిపించింది." దాని కింద ఈయన జవాబు. పైకెత్తిన బొటనవేలు బొమ్మ.

ఎవరేం పంపినా అదే తగిలించేవాడు. చదివితే కదా! చెరిపేద్దామని ఫోన్ లాక్కున్నాడు. అప్పటికే నత్త చూసేసినట్టు గుర్తు పడింది. తల కొట్టేసినట్టయింది ఆయనకి.

మర్నాడు స్టూడియోకి వెళ్లాడు, ఉద్యోగం ఊసెత్తకూడదని ఒట్టు పెట్టుకుని. కిటికీ లేని గది. నత్త చెవుల మీది హెడ్‌ఫోన్ తీసి, లేచి కుర్చీ లాగాడు. జుట్టంతా నెరిసిపోయింది.

"కూర్చోండన్నా."

దారంతా కూడబలుక్కున్న మాటలు మొదలుపెట్టబోయాడు. ఈలోపు నత్త సొరుగులోంచి ఒక దరఖాస్తు తీసి ముందు పెట్టాడు.

"ప్రెస్ మూసేశారని విన్నా. ఇది నింపండి. సోమవారం నుంచి రావచ్చు."

"దీనికోసం రాలేదోయ్. చెల్లెమ్మ సంగతి... నేను చూసుకోలేదు. చెల్లెమ్మ కోసమే వచ్చా."

నత్త తిట్టినా బాగుండేది. "రెండూ కలిపే రాశారుగా అన్నా," అన్నాడు మెల్లగా. "పని ఉంది, చేసుకోండి. ఆవిడ గురించి మాత్రం అడక్కండి. చెప్పుకోవాలని అప్పుడుండేది. ఇప్పుడు లేదు."

కాగితం వెనక్కి తోసి లేచి రావలసిందని ఆయనకి తెలుసు. జేబులోంచి కలం తీసి, తలెత్తకుండా నింపడం మొదలుపెట్టాడు.