కథలో లేని పేరు

సినిమా నటి ఇసొబెల్ అమ్మగారికి దుమ్ము పడదు, ఊపిరి ఆడదు. స్టూడియోలో ఆమె బట్టలు చూసేదాన్ని కాబట్టి ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. దర్శకుడు క్రాషా గారితో చెప్పమంటే, "చెబితే వేషం ఇంకొకరికి పోతుంది, హెట్టీ" అనేది.

ఆ రోజు తీయాల్సింది బొగ్గు గది ఘట్టం. కథలో భర్త లెనార్డ్, భార్యను నేలకింది బొగ్గు గదిలోకి తోసి గడియ వేస్తాడు. బొగ్గువాడు వచ్చి వీధి కంతలోంచి ఆ గదిలోకి బస్తాలు కుమ్మరిస్తుంటే, భర్త పైన కూర్చుని టీ తాగుతాడు. మా లండన్‌లో ఏ ఇంటి ముందైనా అలాంటి కంత ఉంటుంది. ఆదివారం ప్రార్థనకు చాపెల్‌కి నేనూ వాటిమీదుగానే నడిచి వెళ్తాను. అందులోంచి ఇంత చెడుగు ఊహించేందుకు కూడా దేవుడే తెలివి ఇచ్చాడా అని అప్పుడప్పుడు అనుకుంటాను.

ఇదివరకు బొగ్గు బదులు నల్లరంగు పూసిన బెండు ముక్కలు పోసేవారు. మాటల సినిమాలు వచ్చాయి, బెండు చప్పుడు చేయదు. అందుకని నిజం బొగ్గు తెప్పించారు. తలుపు గడియ కూడా నిజం ఇనుపదే.

లోపలికి వెళ్లేముందు ఇసొబెల్ అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "అరుపులకు రాకు. అరుపులు నటన. ఊపిరి అందకపోతే నీ పేరు పిలుస్తాను. కథలో హెట్టీ ఎవరూ లేరుగా."

"లేరమ్మా."

భర్త వేషం డెన్జిల్ గారిది. నాటకాల్లో పండిన మనిషి. తోటివాళ్లు మాట మరిచిపోతే ఏదో ఒకటి అల్లి, పరువు పోకుండా కాపాడతారని ఆయనకు పేరు.

"వెన్న కాస్త తగ్గించండి సార్, ఇది నాలుగో రొట్టె" అన్నాడు దీపాలవాడు, టీ బల్ల ముందు సిద్ధంగా కూర్చున్న ఆయనతో.

"హంతకుడికి ఆకలెక్కువ నాయనా."

ఎర్రదీపం వెలిగింది. అది వెలిగితే దర్శకుడు ఆపమనేదాకా ఎవరూ కదలకూడదు, దగ్గకూడదు.

బొగ్గు జారింది. "లెనార్డ్, తలుపు తియ్యి" అని కింద అరుపులు, తలుపు మీద గుద్దులు. డెన్జిల్ గారు రొట్టెకు వెన్న రాస్తున్నారు. రెండో బస్తా పడ్డాక గుద్దులు నెమ్మదించాయి.

"హెట్టీ."

డెన్జిల్ గారు కప్పు ఎత్తి, నేలవైపు చూసి చిన్నగా నవ్వారు. "హెట్టీకి ఇవాళ సెలవు కదా, బంగారం."

ఎవరూ కదల్లేదు. నేను దీపాల మధ్యనుంచి పరుగెత్తి గడియ లాగాను. ఆమె నా ఒళ్లో పడింది. ముఖమంతా మసి, పెదవులు నీలం. మంచినీళ్లు తాగించాను, ప్రార్థించాను. చాలాసేపటికి ఊపిరి కుదుటపడింది.

డెన్జిల్ గారు కప్పు వదిలేసి ఆమె దగ్గరికి దిగి వచ్చారు. "పేరు తప్పు పలికావనుకున్నానమ్మా. అలవాటుకొద్దీ సర్దేశాను." ఆయన అబద్ధమాడే మనిషి కాదు. ఒకరి పరువు కాపాడే మంచి అలవాటే ప్రాణం మీదికి తెస్తే, తప్పు ఎవరిమీద వేస్తాం?

క్రాషా గారు నన్ను ఒక్క మాట అనలేదు. "సెలవు కదా, బంగారం" అని తనలో తాను రెండుసార్లు అనుకున్నారు. "ఒళ్లు జలదరించింది. ఆ మాట ఉంచేద్దాం. కథ మొదట్లో హెట్టీ అనే పనిమనిషిని పెడదాం. రేపు మళ్లీ తీద్దాం, ఆ పిలుపుతో సహా."

"అమ్మకు దుమ్ము" అని మొదలుపెట్టాను.

ఇసొబెల్ అమ్మ నా మణికట్టు నొక్కింది. "గొంతులో నలక పడిందండీ, అంతే."

ముస్తాబు గదిలో ఆమె జుట్టు కడుగుతుంటే పళ్లెంలో నీళ్లు ఎన్నిసార్లు మార్చినా నల్లగానే వచ్చాయి. అద్దంలో నన్నే చూస్తూ అడిగింది.

"రేపు నిన్ను ఏమని పిలవను, హెట్టీ?"

"పిలవక్కర్లేదమ్మా. లోపల మీ పక్కనే ఉంటాను, కెమెరాకు కనపడకుండా."

ఆమె ముఖం తేరుకుంది. అన్న తర్వాత గాని నాకు తట్టలేదు. గడియ ఉన్నది బయటివైపు.