దుకాణం ఆసామి గౌరవ్వ

1938 మార్చి పదో తారీఖున తాను పూర్ణం బక్షాలు తిన్నానని గౌరవ్వ ఎన్నడూ మరచిపోలేదు. అన్నేళ్లూ ఆ ఇంట్లో జొన్న గట్క తాగి, కొట్టంలో బర్రెల పక్కన పడుకున్న మేనత్తకు ఆనాడు మేనల్లుడు రాజేశమే స్వయంగా నెయ్యి వడ్డించాడు. చెయ్యి కడుక్కోగానే కాగితం మీద వేలిముద్ర వేయించాడు. ఎల్లారెడ్డి నుంచి అతని తమ్ముళ్లు వాటా అడగడానికి వస్తున్నారు. ఆలోగా కామారెడ్డిలోని తన బట్టల దుకాణం అత్త పేరుకు మారిపోవాలి.

పంచాయితీలో రాజేశం పెద్దలకు దండం పెట్టాడు.

"దుకాణం మా అత్తది. నేను ఆమె తాన జీతమున్న."

తమ్ముళ్లు కాగితం చూసి, పళ్లు కొరుకుతూ బండెక్కారు.

మర్నాడే రాజేశం ఇంకో కాగితం తెచ్చాడు. "అత్తా, గిక్కడ ముద్ర ఎయ్యి. దుకాణం మళ్ల నా పేరు మీదికొస్తది."

"ఏసినంక నేను మళ్ల బర్రెల తానికేనా?"

"గా ముచ్చట ఇప్పుడెందుకు?"

"ఆసామి అడిగితే జీతగాడు చెప్పాలె గద బిడ్డా. జీతమున్న అని నువ్వే అంటివి. పెద్దమనుషులను పిలుస్కరానా?"

రాజేశం గతుక్కుమన్నాడు. పెద్దలు వస్తే వెనకే తమ్ముళ్లూ వస్తారు.

"దుకాణం నువ్వే నడుపుకో. ఎనక అర్ర నాకియ్యి. ముద్ర సంగతి నేను సచ్చినంక సూద్దాం" అంది గౌరవ్వ.

ఆ సాయంత్రం జీతగాడు బట్టల మూటలు మోసి ఆ వెనక గది ఖాళీ చేశాడు. అడగకుండానే ఒక ముంతెడు నీళ్లు కూడా పెట్టి వెళ్లాడు. గౌరవ్వ చాప పరుచుకుని, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి గడియ పెట్టుకుంది.