అంట్లు

“అంట్లు అలాగే ఉన్నాయి” అన్నాడు భర్త, హాల్లోంచి.

ఆమె పెరట్లో నూరువరహాల పొద ముందు కూర్చుని ఉంది. పదహారేళ్ళుగా అతను ఆ మాటను వాన పడుతోంది అన్నంత మామూలుగా అంటాడు. ఎవరు తోమాలో చెప్పడు. చెబితే ఆజ్ఞాపించినట్టవుతుందని మొహమాటం. చెప్పకపోవడమే ఆజ్ఞ అని కనిపెట్టడానికి ఆమెకు ఏడేళ్ళు పట్టింది. మిగతా తొమ్మిదేళ్ళూ, కనిపెట్టి కూడా తోముతున్నందుకు తన మీద తనకే కోపం. ఆ కోపాన్నీ గిన్నెలతో పాటే రుద్ది బోర్లించేది. ఇవాళ మాత్రం నవ్వొచ్చింది. ఆమె ముందు ఉన్నవీ అంట్లే మరి. పన్నెండు.

నలభై అయిదు రోజుల కిందట తన చేత్తో కట్టినవి. కొమ్మ చుట్టూ ఉంగరమంత బెరడు తీసి, అక్కడ తడి నాచు పొదిగి, ప్లాస్టిక్ కాగితం చుట్టి, దారంతో బిగించాలి. నేర్పింది వీధి చివర నర్సరీ ఆవిడ. “ఆకులు వండిన తిండంతా కిందికి దిగిపోతుందమ్మా. దారిలో కాస్త ఆపామనుకో, ఆపినచోటే వేళ్ళు పుడతాయి. నీ పొద మీద పన్నెండు కట్టి చూడు. ఎనిమిది పట్టాయా, పొద్దుటిపూట అంట్ల పని నీకే ఇస్తా” అందావిడ. ఆకులు వండిన తిండి! ఆ మాట ఆమెలో ఎక్కడో గుచ్చుకుని ఉండిపోయింది. ఇన్నేళ్ళూ తను వండిందంతా ఎటు దిగిపోతోందో చూసుకోలేదు. దారిలో ఆపడమనేది ఒకటుందని ఎవరూ చెప్పనూలేదు.

మొదటి కాగితం విప్పింది. తెల్లటి వేళ్ళు, పాలపళ్ళలా. రెండోదీ అంతే. మూడోది ఉత్త నాచు. నాలుగు, అయిదు, ఆరు... ఆఖరికి పదకొండు పట్టాయి! ఫొటో తీసి ఆవిడకు పంపింది. ఫోన్ గట్టు మీద పెట్టి, పట్టిన కొమ్మలు కోసి కుండీల్లో నాటుతుంటే అది మోగింది. చేతులనిండా మట్టి. భర్తే వచ్చి ఎత్తాడు.

“ఆఁ, చెప్పండి... ఏంటీ? అంట్లా? మా ఆవిడా?” అతని మొహం ఎర్రబడింది. “మేమింకా అంత దిగజారలేదండీ!” అని పెట్టేశాడు.

“ఎవరే ఆవిడ? నువ్వు అంట్లు బాగా కడుగుతావట! రేపట్నుంచి పంపమంటోంది. వీధిలో పరువు పోదూ?”

“మనింట్లో కడిగితే పోని పరువు, అక్కడ కడిగితే పోతుందా?”

గుమ్మంలో పేపరు చదువుతున్న అత్తగారు పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టింది.

“కడగడం కాదురా సన్నాసీ, కట్టడం! కొమ్మలకి అంట్లు కట్టడం! నెలన్నరగా నీ కళ్ళెదుటే కడుతోంది, ఎప్పుడైనా చూశావా?”

అతను అప్పుడు చూశాడు, పొదనీ, కుండీలనీ, మోచేతుల దాకా మట్టితో ఉన్న ఆమెనీ.

“నాకు చెప్పలేదేం?”

“మీరెప్పుడూ ఆ అంట్ల సంగతే అడిగారు కదా” అంటూ ఆమె మట్టిచేత్తోనే ఫోన్ అందుకుని నర్సరీ ఆవిడకు తిరిగి చేసింది. “నేనేనండీ. రేపు ఆరింటికల్లా వచ్చేస్తా.”

“ఆరింటికా?” అతను గొంతు తగ్గించాడు. “మరి పొద్దుటి అంట్లు?”

పదకొండో కుండీలో మట్టి నొక్కుతూ ఆమె, వాన పడుతోంది అన్నంత మామూలుగా అంది:

“అలాగే ఉంటాయి.”