మిద్దె మీద రెండు దరువులు

డ్రమ్మర్ పుణె వెళ్ళిపోయాడు. ఆ సంగతి గురువారం పొద్దున పదకొండింటికి మెసేజ్‌లో తెలిసింది. ఆదివారం సాయంత్రం నాలుగింటికి దిల్‌సుఖ్‌నగర్ హాల్లో ప్రోగ్రాం.

"డ్రమ్ మెషిన్ పెట్టుకుందాం," అన్నాడు గిటార్ వాయించే మహిపాల్.

"మెషిన్ ఒద్దని హాలోళ్ళు ముందే చెప్పిన్రు. మనిషి కొడ్తేనే స్టేజీ," అంది పాడే సంతోషి.

ఎల్బీ నగర్‌లో మహిపాల్ వాళ్ళ ఇంటి పై గది వీళ్ళ అడ్డా. మోత బయటికి పోకుండా గోడలనిండా కోడిగుడ్ల అట్టలు. మహిపాల్ తండ్రి సత్యనారాయణ పెట్టిన షరతు ఒక్కటే. వీధిలో ఒక్కరు కంప్లైంట్ చేసినా గదికి తాళం పడుతుంది, అందులోకి కోచింగ్ పిల్లలు దిగుతారు. గది పోతే బ్యాండ్ పోయినట్టే. ఇంకెక్కడా చోటు లేదు.

ఆదివారం చెయ్యబోయేది ఒక పోలిక. నలభై ఏళ్ళకు పైగా వెనక, చావునూ చీకటినీ పాటలోకి తెచ్చిన రెండు బ్యాండ్లు. ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్ నుంచి బౌహౌస్, లాస్ ఏంజెలెస్ నుంచి క్రిస్టియన్ డెత్. మొదటివాళ్ళ సంగీతాన్ని గోత్ రాక్ అన్నారు, రెండోవాళ్ళదాన్ని డెత్‌రాక్ అన్నారు. వాళ్ళ పాట ఒకటి, వీళ్ళ పాట ఒకటి వినిపించి తేడా ఏమిటో జనం చెవులకే వదిలెయ్యాలి. దరువు లేకపోతే ఆ తేడా దొరకదు.

"మా మామ ఉన్నడు," అంది సంతోషి చివరికి.

మామ అంటే ఆమె మేనమామ లింగస్వామి. నల్లగొండ పల్లె నుంచి హయత్‌నగర్ వచ్చి ముప్పై ఏళ్ళు. డప్పు కళాకారుడు. ఈ చుట్టుపక్కల పెళ్ళయినా బోనమైనా చావైనా ఆయన చెయ్యి పడాల్సిందే. రెండింటికల్లా డప్పు భుజాన వేసుకుని వచ్చేశాడు.

ముందు బౌహౌస్ వినిపించారు. తొమ్మిది నిమిషాలు దాటిన పాట. లింగస్వామి కళ్ళు మూసుకుని, కదలకుండా విన్నాడు.

"వాళ్ళ మొట్టమొదటి పాట మామా ఇది. సచ్చిపోయిన సినిమా యాక్టర్ మీద," అంది సంతోషి.

"మొదటిదేనా! ఎంత ఓపికనే వీళ్ళకు. పాడేటాయన శానా సేపు నోరే తెరువలే. శవం ఇంట్ల ఉన్నది, సుట్టాలు ఇంకా రావాలె, గప్పుడు కొట్టే దరువు గిది. దెబ్బకూ దెబ్బకూ నడుమ జాగ ఉండాలె. గా జాగల్నే ఏడుపుంటది."

సంతోషి మహిపాల్ వైపు గర్వంగా చూసింది. బౌహౌస్ ఆమె పార్టీ.

"ఇగ మావోళ్ళను ఇను మామా, అమెరికోళ్ళు," అని మహిపాల్ క్రిస్టియన్ డెత్ పెట్టాడు. "మొదటి ఆల్బమ్ వచ్చేనాటికి పాడేటోనికి పద్దెనిమిదేండ్లే."

ఈసారి లింగస్వామి వేళ్ళు తొడ మీద వాటంతటవే ఆడాయి.

"గీడ శవం లేసింది. భుజాల మీద పోతుంది. ఏడ్సుడు అయిపోయి కోపం మిగిలింది. కాళ్ళు ఆగయి. పద్దెనిమిదేండ్ల పోరడా! శభాష్ రా బిడ్డా."

"ఏది గొప్పది మామా?" ఇద్దరూ ఒకేసారి అడిగారు.

"మీకేమన్న పిచ్చి లేసిందా? ఇంట్ల కొట్టనిది తొవ్వల కొడ్తరా? రెండూ ఒక్క సావుకే." ఆయన డప్పు అందుకుని ఆగాడు. "కానీ ఎవ్వలు సావకుండ గీ దరువు కొట్టొద్దు. మా అయ్య నాకు నేర్పిన మొదటి మాట."

"పాటల ఒకాయన సచ్చిండు గద మామా. చాలదా?" అంది సంతోషి.

లింగస్వామి పగలబడి నవ్వాడు. రెండు దెబ్బలు వేసి ముఖం చిట్లించాడు. "గీ గుడ్ల అట్టలు మోతంత మింగుతున్నయి. మిద్దె మీదికి నడువుండ్రి."

మహిపాల్ జంకాడు. తండ్రి ఇంట్లో లేడు. పొద్దున తల తిరుగుతోందని ఆటో ఎక్కి మలక్‌పేట దవాఖానాకు వెళ్ళాడు. బీపీ చూపించుకుని వచ్చేలోపు అయిపోతుంది.

"పది నిమిషాలే," అన్నాడు.

పాత పేపర్లు మండించి, సెగకు డప్పు కాచి, లింగస్వామి మొదలుపెట్టాడు. నార్తాంప్టన్ ఎల్బీ నగర్ మిద్దె మీద పలికింది. సంతోషి గొంతు ఆ ఖాళీల్లోకి మెల్లగా దిగింది. మహిపాల్‌కు ఒళ్ళు గగుర్పొడిచింది. పది నిమిషాలు అరగంటయింది.

ముగ్గురికీ తట్టని విషయం ఒకటుంది. సత్యనారాయణ తల పట్టుకుని ఆటో ఎక్కడం వీధి మొత్తం చూసింది. ఇప్పుడు ఆయన మిద్దె మీద చావు దరువు వింటోంది.

ముందుగా ఎదురింటి ఆండాలు పూలదండతో వచ్చి గేటు దగ్గర ఏడుపందుకుంది. వెనక పదిమంది. టెంట్ హౌస్ నుంచి కుర్చీలు దిగాయి. "ఐస్ బాక్స్ ఎన్ని గంటలకు తేవాలె?" అని ఎవరో కేకేశారు. మిద్దె మీద వాళ్ళకు డప్పు తప్ప ఏదీ వినబడలేదు.

ఆటో ఆగింది. చేతిలో మందుల కవరుతో సత్యనారాయణ దిగాడు.

ఏడుపు ఆగిపోయింది.

"ఎవలు పోయిర్రు?" అన్నాడు.

ఆండాలు దండను కొంగు చాటున దాచుకుంది. "నువ్వే అన్నా," అంది.

ఆయన తలెత్తి మిద్దె చూశాడు. ఒక కుర్చీ చేతపట్టుకుని మెట్లెక్కాడు. ఆయన కనబడగానే డప్పు ఆగింది.

"తప్పు నాది అంకుల్," అంది సంతోషి. "మామను నేనే పిలిచిన."

సత్యనారాయణ ఆమె వైపు చూడలేదు. కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"కొట్టు లింగసామీ."

"ఒద్దు పటేలా. బతికున్న మనిషి ముంగట..."

"గల్లీ అంత ఇన్నది. సచ్చినోన్ని నేను, నేనే ఇనలే. కొట్టు."

లింగస్వామి మొదటి దెబ్బ తేలిపోయింది. రెండోది కుదిరింది. మూడోదానికి సంతోషి పాట అందుకుంది. సత్యనారాయణకు ఇంగ్లిష్ ముక్క అర్థం కాలేదు. దెబ్బకూ దెబ్బకూ మధ్య మాత్రం ఊపిరి బిగబట్టాడు. పాట ముగిశాక మందుల కవరు కుర్చీ కింద పెట్టాడు.

"గింత మంచిగ సాగనంపుతరా నన్ను?" అన్నాడు.

"ఇది ఇంట్ల ఉన్నప్పటిది పటేలా," అన్నాడు లింగస్వామి. "తొవ్వది వేరే ఉన్నది, అమెరికాది."

"నాయినా, గది..." అన్నాడు మహిపాల్.

"గదికేమైంది? కంప్లైంట్ వస్తే తాళం అన్న. సంపింది నన్ను, కంప్లైంట్ ఇయ్యాల్సింది నేను. నేనియ్యలే."

కింద కుర్చీలు మడిచే చప్పుడు. సత్యనారాయణ లేచి పిట్టగోడ మీంచి వంగాడు.

"ఏడికి పోతున్రు అందరు? కూసోండ్రి. అమెరికాది ఇంక కాలే."