అంచు అచ్చు

నాలుగో రోజు కూడా కళ్ళె కదల్లేదు. అబ్దుల్ హమీద్ మంచం మీద బోర్లా పడుకుని, పొట్ట కింద మూడు దిళ్ళు పెట్టుకుని, తల కిందికి వేలాడేశాడు. భార్య మున్నీ అరచెయ్యి ముడిచి అతని వీపు మీద తడుతోంది. ఆసుపత్రిలో కసరత్తులు చెప్పే మేధ అనే అమ్మాయి నేర్పిన విద్య ఇది. అరచేతిలో నీళ్ళు పట్టినట్టు ముడవాలమ్మా, డబడబమని వినిపించాలి గానీ చెళ్ళుమనకూడదు అని ఆ పిల్ల మున్నీ చెయ్యి పట్టుకుని మరీ చూపించింది.

పావుగంట తట్టేసరికి మున్నీ మణికట్టు లాగేసింది. హమీద్ లేచి కూర్చుని, అద్దం మీద ఆవిరి ఊదినట్టు "హా" అని మూడుసార్లు ఊదాడు. లోపల గరగరమంది. గొంతుదాకా వచ్చినట్టే వచ్చి, మళ్ళీ వెనక్కి జారిపోయింది పాడు కళ్ళె.

"వచ్చిందా?" అంది మున్నీ.

"ఎక్కడ. బందరు హల్వా అంతా నా గుండెల్లోనే ఉంది."

ఆమె నవ్వలేదు. వేన్నీళ్ళు ఇచ్చింది. అడుగున బెజ్జం చేసిన నీళ్ళ సీసాకి మందు పీల్చే గొట్టం తగిలించి ఇచ్చింది. ఉమ్మి వేసుకునే మూత డబ్బాలో కొత్త బూడిద పోసి సంచిలో పెట్టింది. "ఇవాళ మానెయ్యండి" అని నోటిదాకా వచ్చినా అనలేదు. మానేస్తే ఏమవుతుందో ఆమెకీ తెలుసు.

హమీద్‌కి యాభై ఆరేళ్ళు. పెడనలో కలంకారీ అద్దకం పని. ఇరవై రెండేళ్ళు ఉడకేసే పొయ్యి దగ్గర నిలబడ్డాడు. రంగు పట్టాలని గుడ్డల్ని రాగి గంగాళాల్లో గంటల తరబడి ఉడికిస్తారు. పచ్చి కట్టెలు, ఆకాశం కనపడనంత పొగ. బీడీ ముట్టని మనిషికి బీడీలు తాగేవాళ్ళ ఊపిరితిత్తులు వచ్చాయి. ఈ జబ్బు పోయేది కాదు, ఉన్న ఊపిరి కాపాడుకో, మళ్ళీ పొగ దగ్గరికి వెళ్ళావా నా మందులు పనిచెయ్యవు అని డాక్టరు ఖండితంగా చెప్పేశాడు. అప్పుడు యజమాని పిచ్చేశ్వరరావే జాలిపడి అచ్చులబల్ల దగ్గరికి మార్చాడు. మంచివాడే, కాదనడానికి లేదు.

కానీ అచ్చు వేయడమంటే ఊపిరి బిగబట్టే పని. చెక్క అచ్చుని రంగులో అద్ది, పక్క అచ్చు చివర ఎక్కడ ఆగిందో అక్కడే ఆనించి, పిడికిలితో ఒక్క పోటు వెయ్యాలి. ఆ ఒక్క క్షణం ఒంట్లో ఏదీ కదలకూడదు. దగ్గు వచ్చిందా, తీగ జోడుపడుతుంది, ఒక గీత పక్కనే ఇంకో గీత పడి అలుక్కుపోతుంది. నాలుగు రోజుల్లో హమీద్ చేతిలో మూడు దుప్పట్లు జోడుపడ్డాయి. నిన్న పిచ్చేశ్వరరావు దగ్గరికి పిలిచి, ఎంతో మర్యాదగానే చెప్పాడు.

"ఇంకొకటి పోయిందంటే రేపట్నుంచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపో భాయ్. అక్కడ నువ్వెంత దగ్గినా ఎవరికీ నష్టం లేదు."

నిజమే మరి. ఒక్క హమీద్‌కి తప్ప ఎవరికీ నష్టం లేదు.

బందరు నుంచి షేర్ ఆటోలో పెడన వెళ్ళేసరికి తొమ్మిదిన్నర. షెడ్డులో కరక్కాయ నీళ్ళలో తడిపి ఆరేసిన గుడ్డలు పచ్చగా వేలాడుతున్నాయి. ఎదురు బల్ల బంగార్రాజుది. పాతికేళ్ళుగా ఇద్దరూ ఒకే షెడ్డులో పనిచేస్తున్నారు. మధ్యాహ్నం దాకా హమీద్ అచ్చు ముట్టుకోలేదు. రంగు కలిపాడు, గుడ్డలు మడిచాడు, దగ్గాడు. పిచ్చేశ్వరరావు చూస్తూనే ఉన్నాడు.

"భోజనాలయ్యాక అంచు నువ్వు వెయ్యి," అన్నాడు చివరికి.

భోజనాల గంట కొట్టగానే అందరూ వేపచెట్టు కిందికి వెళ్ళారు. హమీద్ క్యారేజీ విప్పలేదు. తిన్నాక వీపు తట్టించుకోకూడదంది మేధ.

"రాజూ, నువ్వు తట్టాలిరా," అన్నాడు. "మున్నీ చెయ్యి చాలట్లేదు."

మూల పాత బల్ల ఒకటుంది. గోనెలూ కంబళ్ళూ పొరలుగా పరిచిన మెత్తటి బల్ల. దాని ఒకవైపు కాళ్ళ కింద రెండేసి ఇటుకలు పెట్టి వాలు చేశారు. హమీద్ పల్లం వైపు తల పెట్టి బోర్లా పడుకున్నాడు. బంగార్రాజు చొక్కా చేతులు పైకి మడిచి, ఒక్కటిచ్చాడు. హమీద్ కెవ్వుమన్నాడు.

"అది అచ్చు కాదురా, నా వీపు."

"నలభై ఏళ్ళ నుంచి పిడికిలితో కొట్టిన చెయ్యి భాయ్ ఇది. ముడవమంటే ఎలా ముడుస్తుంది?"

ఎడమచేత్తో కుడిచేతి వేళ్ళని వంచి పట్టుకుని చూశాడు. కాయలు కాసిన చెయ్యి మళ్ళీ మళ్ళీ బిగుసుకుంటోంది. పది దెబ్బలు తప్పుగా పడ్డాక పదకొండోది డబ్‌మంది. "అదీ," అన్నాడు హమీద్ కంబళిలోంచి. ఇక బంగార్రాజు ఆపలేదు. ఒకటి వేసి, ఆగి, రెండు వేసి, ఆగి. అది అంచు వేసే లెక్కేనని హమీద్‌కి తెలిసిపోయింది. తలకిందులుగానే నవ్వొచ్చింది.

ఇరవై నిమిషాలకి లోపల ఏదో పట్టు వదిలింది. హమీద్ గబగబా లేచి "హా" అని ఊదాడు. ఇంకోసారి. మూడోసారికి వచ్చింది. బొటనవేలంత, పచ్చటి జిగురుముద్ద. దాని వెనకే ఇంకో రెండు. డబ్బాలోకి ఉమ్మేసి, మూత పెట్టి, అలాగే కూర్చుండిపోయాడు. ఊపిరి అడుగుదాకా వెళ్ళింది. నాలుగు రోజుల తర్వాత కరక్కాయ వాసన తెలిసింది. కళ్ళంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు.

"హాయిగా ఉందిరా. ఎంత హాయిగా ఉందో నీకు చెప్పలేను."

"ఊపిరుంటే ఉప్పమ్ముకునైనా బతకొచ్చన్నారు. ముందు ఆ అన్నం తిను."

"అంచు వేసి తింటాలే. మళ్ళీ ఎప్పుడు పట్టేస్తుందో ఏమో."

తన బల్ల దగ్గర నిలబడి అంచు అచ్చు అందుకున్నాడు. టేకు చెక్క. అద్దాడు, ఆనించాడు, ఊపిరి బిగబట్టాడు, పోటేశాడు. ఎత్తి చూస్తే తీగకి తీగ అతికినట్టు కలిసింది. పదైంది, ఇరవై అయింది. దగ్గు రాలేదు. ముప్ఫయ్యో అచ్చు దగ్గర పిచ్చేశ్వరరావు కళ్ళజోడు సవరించుకుని వంగి, బల్ల ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు.

"రేపు కూడా అంచు నువ్వే వెయ్యి భాయ్," అని వెళ్ళిపోయాడు.

హమీద్ బంగార్రాజు వైపు చూశాడు. బంగార్రాజు కనుబొమలు ఎగరేశాడు. హమీద్ గోళ్ళు నీలంగా తిరిగాయి. రంగులో మునిగే చేతుల్లో అది ఎవరికి కనిపిస్తుంది? ఛాతీలో ఏదో బరువుగా ఉంది. కళ్ళె బరువు కాదది. ఇంకా పదిహేనో పదహారో అచ్చులు వేస్తే దుప్పటి అయిపోతుంది, మున్నీకి ఫోన్ చేసి చెప్పాలి అనుకున్నాడు. అచ్చు అద్ది, తీగ చివర ఆనించి, బల్ల మీదికి వంగాడు.

ఎదురు బల్ల దగ్గర బంగార్రాజుకి పోటు వినిపించలేదు. తలెత్తి చూశాడు. హమీద్ ఛాతీ బల్ల అంచుకి ఆనించి, ఎడమచెయ్యి అచ్చు మీద పెట్టి వంగి ఉన్నాడు. ఊపిరి బిగబట్టాడు కాబోలు అనుకున్నాడు బంగార్రాజు. అచ్చు ఆనించిన మనిషిని పలకరించకూడదు, అది అద్దకం బల్లల దగ్గర మర్యాద. అందుకని తన పని తను చేసుకుంటూ ఒక పువ్వు వేశాడు. ఇంకొకటి వేశాడు. అవతల ఇంకా చప్పుడు లేదు.

"భాయ్," అన్నాడు.

అప్పుడు పరుగెత్తాడు. ముక్కు దగ్గర వేలు పెడితే ఊపిరి తగల్లేదు. చేతికి ఏం చెయ్యాలో తోచక వీపు మీద తట్టాడు, తడుతూనే ఉన్నాడు. ఈసారి చెయ్యి సరిగ్గానే ముడుచుకుంది. పిచ్చేశ్వరరావు వచ్చి భుజం పట్టుకుని లాగేదాకా షెడ్డంతా డబడబమని వినిపించింది.

పిచ్చేశ్వరరావు కారులోనే బందరు తీసుకెళ్ళారు. పనివాళ్ళందరూ వెంట వెళ్ళారు. ఖాళీ షెడ్డులో, దుప్పటి మీద, ఆరిన నల్లరంగుతో అంచు అచ్చు గుడ్డకి అంటుకుపోయి ఉంది. దాని పిడి మీద బొటనవేలు ఆనే చోట చిన్న గుంట పడి, నున్నగా మెరుస్తోంది.