రెండు పంక్తులకూ ఒకటే కోటు

నాకు మనుషుల ముఖాలు గుర్తుండవు. బట్టలు గుర్తుంటాయి. ఇరవై రెండేళ్లుగా ‘కిటీవేక్’ ఓడ భోజనశాల గుమ్మం దగ్గర నిలబడిన దాన్ని, ఇంకేం గుర్తుంటుంది? ఫలానా ఆయన ఎవరంటే చెప్పలేను గానీ, ఆయన టై ఎన్నిసార్లు సూప్‌లో మునిగిందో అడిగితే ఠక్కున చెబుతాను.

మా కిటీవేక్ చిన్న ఓడ, పాత ఓడ. లిఫ్టుకు బుద్ధి పుడితే పైకి వెళుతుంది, లేకపోతే లేదు. భోజనశాలను వెచ్చబెట్టే గొట్టాలదీ అదే తంతు. ఇప్పటి పెద్ద ఓడల్లో ఎవరికి తోచినప్పుడు వాళ్లు నిక్కర్లు వేసుకొచ్చి తినేసి పోతారట. మా దగ్గర ఆ ఆటలు సాగవు. భోజనశాలలో అందరికీ ఒకేసారి చోటు చాలదు కాబట్టి రెండు పంక్తులు: మొదటిది ఆరుంపావుకు, రెండోది ఎనిమిదిన్నరకు. ఎక్కిన రోజు ఏ పంక్తిలో ఏ బల్ల ఇచ్చానో, దిగేదాకా అదే. ప్రతి ప్రయాణంలో మూడు దర్జా విందులు ఉంటాయి. ఆ రోజుల్లో ఆడవాళ్లు పొడుగు గౌను, మగవాళ్లు నల్ల విందుకోటు, బో టై. కోటు లేనివాళ్లకు పై అంతస్తులో బంగాళదుంప వేపుళ్ల కౌంటర్ ఉంది, హాయిగా వెళ్లి తినవచ్చు. కెప్టెన్ గారి బావమరిది చొక్కాతో దిగబడితే ఆయన్నే పైకి పంపాను. ఆ తరువాత నా మాటకు ఎదురు చెప్పినవారు లేరు.

ఈ నియమానికి ఒకటే మినహాయింపు. ఎర్రసముద్రంలో ఎండ మండిపోయే రోజున కెప్టెన్ ప్రకటన చేస్తే, మగవాళ్లు కోటు తీసేయవచ్చు. తెల్ల చొక్కా, బో టై ఉంటే చాలు, నిండు దర్జా కిందే లెక్క. ‘ఎర్రసముద్రపు వేషం’ అంటారు ఓడల మీద. నాకది కిట్టదు. రెండు వందల మంది మగాళ్లు ఒట్టి చొక్కాలతో కూర్చుంటే ఇస్త్రీ దుకాణంలో నిలబడినట్టు ఉంటుంది.

మే నెలాఖరులో న్యూకాసిల్ నుంచి నార్వేకు బయలుదేరాం. మొదటి దర్జా విందు రోజున పన్నెండో బల్లకు ఒక అక్కా తమ్ముడూ వచ్చారు. ఆవిడ హెస్టర్ బర్ట్లీ, ఎనభైకి దగ్గరపడిన మనిషి, ఆకుపచ్చ గౌను, పిచ్చుకంత ఒళ్లు. ఆయన ఎడ్విన్, బొద్దుగా, గంభీరంగా ఉన్నాడు. నేను మాత్రం కోటు చూశాను. పాతకాలపు వెడల్పు కాలరు, దాని మీద మెరుపు తగ్గిన పట్టు, ఎడమచేతి అంచున చిరుగు మీద వేరే నల్లదారంతో వేసిన రఫ్. మంచి దర్జీ చేతి పని. ఆవిడ సూప్ తాగి లేచి వెళ్లిపోయారు. కడుపులో తిప్పిందేమో అనుకున్నాను. ఎడ్విన్ గారు గొర్రె మాంసం తింటూ కుడిచేతి అంచుకు పుదీనా పచ్చడి పూసుకున్నారు.

ఎనిమిదిన్నర పంక్తికి అదే బల్ల దగ్గర ఇంకొకాయన కూర్చున్నాడు. పొడుగ్గా, బక్కపలచగా ఉన్నాడు. కానీ కోటు అదే! ఎడమ అంచున రఫ్, కుడి అంచున ఎండిన పుదీనా పచ్చడి. చేతులు జానెడు పొట్టి. పుడ్డింగ్ వేళకు హెస్టర్ గారు మళ్లీ ప్రత్యక్షమై ఆయన పక్కన కూర్చుని తిన్నారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. నా గుమ్మం దగ్గరే నాటకాలా?

మర్నాడు పొద్దున ఆవిడను డెక్కు మీద పట్టుకున్నాను. కాళ్ల మీద దుప్పటి కప్పుకుని టీ తాగుతున్నారు.

"మేడమ్, రాత్రి ఆ కోటు రెండుసార్లు భోంచేసింది."

ఆవిడ సిగ్గుపడలేదు సరికదా, పకపకా నవ్వారు. "పట్టేశావా తల్లీ? కూర్చో. నిలబడి వినే కథ కాదిది."

కూర్చున్నాను. పనివేళలో ప్రయాణికుల పక్కన కూర్చోవడం నాకు అదే మొదటిసారి.

"ఆ కోటు మా నాన్నది. స్కార్‌బరో హోటల్లో బ్యాండు ఉండేది, అందులో ట్రాంబోన్ వాయించేవాడు. ఆయన పోయినప్పుడు మా ఎడ్విన్ ఫోన్ చేసి, నాన్నకి ఆ కోటే తొడగండి అన్నాడు. మా చిన్నాడు ఆర్నాల్డ్ ఏమో, అంత మంచి కోటు మట్టిపాలు చేస్తామా అని దాచేసి, ఏదో స్వెటర్ తొడిగి పంపించేశాడు. ఎడ్విన్ రైలు ఆలస్యమై వచ్చేసరికి పెట్టె మూత బిగించేశారు. ఆ రోజుతో మాటలు మానేశారు. పదకొండేళ్లయింది. తమ్ముడై ఉండి ఆర్నాల్డ్ అన్నని ‘వాడు’ అంటాడు, చూడు!"

"మరి కోటు?"

"నా బీరువాలో పెట్టి తాళం వేశాను. ఇద్దరిదీ కాదు పొమ్మన్నాను. ఈ ఓడకి ఇద్దర్నీ నేనే తీసుకొచ్చా. ఒకే బల్ల అంటే రామన్నారు. రెండు పంక్తులు ఉన్నాయని తెలిసి, సరే, ఒకడు ముందు, ఒకడు తర్వాత అన్నా. దర్జా విందుకి మాత్రం ఇద్దరికీ ఆ కోటే కావాలి."

"కొత్తది కుట్టించుకోవచ్చుగా?"

"కుట్టించుకుంటే పాతది రెండోవాడిదని ఒప్పుకున్నట్టేనట!"

"మరి మీ భోజనం?"

"సూప్ ఎడ్విన్‌తో, పుడ్డింగ్ ఆర్నాల్డ్‌తో. మధ్యలో వచ్చేది మానేశా. ఒకడి దగ్గర తింటే రెండోవాడు మూతి ముడుస్తాడు. రోజూ ఇంతే." ఆవిడ కప్పు కింద పెట్టారు. "మూడో దర్జా విందు రోజున నాకు ఎనభై నిండుతాయి. ఆ ఒక్కరోజు అటొకడు ఇటొకడు కూర్చోవాలని నా ఆశ. ఇంకేం అక్కర్లేదమ్మా నాకు. తొంభయ్యో పుట్టినరోజుకి చూద్దాంలే అనుకునే వయసు కాదుగా ఇది."

నేను మెత్తని మనిషిని కాను, ఓడలో ఎవరినైనా అడగండి. కానీ ఆవిడ కప్పులో టీ నేనే మళ్లీ నింపాను.

నా దగ్గర ఒక అలమర ఉంది, మరచిపోయి వచ్చిన వాళ్ల కోసం నాలుగు అరువు కోట్లు అందులో ఉంటాయి. వాటిలో పెద్దది తీసుకుని ఎడ్విన్ గారి దగ్గరకు వెళ్లాను.

"అరువు కోటా? నేనిది తొడిగితే వాడు గెలిచినట్టేనమ్మా," అన్నాడాయన.

పొడుగుది తీసుకుని ఆర్నాల్డ్ గారి దగ్గరకు వెళ్లాను. ఆయనా అక్షరం పొల్లుపోకుండా అదే మాట అన్నాడు. ఒక్క కడుపున పుట్టినవాళ్లు కాదంటే ఎవరు నమ్ముతారు?

రెండో దర్జా విందు రోజున లిఫ్టు మొరాయించింది. రెండు పంక్తుల మధ్య హెస్టర్ గారు చేతి మీద కోటు వేసుకుని, రైలింగ్ పట్టుకుని, ఒక్కో మెట్టూ ఎక్కుతున్నారు. నేను వెళ్లి కోటు అందుకున్నాను. ఆర్నాల్డ్ గారి గది తలుపు తట్టి నేనే ఇచ్చాను. ఆ కోటు చాలా బరువు. ఎనభై ఏళ్ల మనిషి దాన్ని మోసుకుంటూ ఇద్దరు ముసలి మొండివాళ్ల మధ్య తిరగడమేమిటని ఒళ్లు మండింది.

ఆ కోపం నేనింకొకరి మీద చూపించాను. ఆ రోజే ఎనిమిదిన్నర పంక్తికి లాంబోర్న్ గారనే ప్రయాణికుడు కోటు గదిలో మరచి గుమ్మం దాకా వచ్చారు. తెచ్చుకునే దాకా లోపలికి రానివ్వలేదు. ఆయన వెళ్లి వచ్చేసరికి సూప్ చల్లారిపోయింది. ఆయన భార్య మిలిసెంట్ లాంబోర్న్ నన్ను ఎగాదిగా చూసి, "రూల్ అంటే అందరికీ రూలేనని ఆశిస్తాను, మిస్ టల్లక్," అన్నారు. అనుమానమేమీ లేదన్నాను.

మూడో దర్జా విందు నాటికి, వేసవిలో పొద్దు గుంకని ఆర్కిటిక్ వలయంలోకి చేరాం. రాత్రి ఎనిమిదిన్నరకు కూడా ఎండ కిటికీల్లోంచి నేరుగా బల్లల మీద పడుతోంది. ఆ వెలుగును చూసి వేడి ఉందనుకోకండి. అవతల కొండల నిండా మంచు, బయట మూడు డిగ్రీలు. ఆరుంపావు పంక్తిలో పన్నెండో బల్ల ఖాళీగా ఉండిపోయింది. రెండుసార్లు వెళ్లి మెట్ల వైపు చూసి వచ్చాను.

ఎనిమిదిన్నరకు తలుపు తీశాను. వరుసలో ముందు హెస్టర్ గారు నిలబడి ఉన్నారు. ఆకుపచ్చ గౌను మీద తండ్రి కోటు! భుజాలు జారిపోతున్నాయి, చేతులు మోకాళ్ల దాకా వేలాడుతున్నాయి. ఆవిడ వెనక ఎడ్విన్ గారు, ఆయన వెనక ఆర్నాల్డ్ గారు, ఒకరి ముఖం ఒకరు చూడకుండా నిలబడ్డారు. ఇద్దరూ తెల్ల చొక్కా, బో టై. కోట్లు లేవు.

"పుట్టినరోజు నాది, కోటు నేనే వేసుకుంటా అన్నా," హెస్టర్ గారు చిన్నగా చెప్పారు. "రాకపోతే పైకెళ్లి వేపుళ్ల కౌంటర్ దగ్గర నిలబడి తింటానన్నా. ఇద్దరూ వచ్చారు తల్లీ. ఇక నీదే భారం."

ఆ వెనకే మిలిసెంట్ లాంబోర్న్ మెడ చాచి చూస్తున్నారు. "చూద్దాం. మా ఆయన్ని వెనక్కి పంపారు కదా, వీళ్లనేం చేస్తారో చూద్దాం!"

వరుసంతా నా వైపే చూస్తోంది. వీళ్లను వదిలితే ఇరవై రెండేళ్ల నా మాటకు విలువ లేదు. పైకి పంపితే ఆ ఇద్దరూ మళ్లీ చెరో దారి పట్టడం ఖాయం. ఆర్నాల్డ్ గారు అప్పటికే అడుగు వెనక్కి వేశారు. "నేను చెప్పానుగా అక్కా, కుదరదని. నేను పైన తింటాలే. వాణ్ణి కూర్చోమను."

"వాణ్ణే కూర్చోమను, నేనే పోతా," అన్నారు ఎడ్విన్ గారు గోడతో.

"ఇద్దరూ కదలకండి!" అని గుమ్మం పక్కనున్న ఫోన్ అందుకున్నాను.

"కెప్టెన్ మెల్రోస్ గారూ, ఎర్రసముద్రపు వేషం ప్రకటించాలి."

"మిస్ టల్లక్, మనం ఎక్కడున్నామో తెలుసా?"

"నార్వేలో, సార్."

"ఇప్పుడే రెండో ఆఫీసర్ చెవులు రుద్దుకుంటూ లోపలికొచ్చాడు. మీరేమైనా పుచ్చుకున్నారా?"

"లేదు సార్. ఇన్నేళ్లలో మిమ్మల్ని నేనేదైనా అడిగానా?"

"మా బావమరిదిని లోపలికి రానివ్వండని నేనడిగితే, కుదరదన్నారు."

"అప్పుడు కుదరదు సార్. ఇప్పుడు కుదరాలి. ఒక పెద్దావిడ ఎనభయ్యో పుట్టినరోజు. ఆవిడ తమ్ముళ్లిద్దరూ చొక్కాల మీద ఉన్నారు. వరుస నిలబడిపోయింది."

ఫోన్ పెట్టేసిన శబ్దం వినిపించింది. అయిపోయిందనుకున్నాను. అంతలో పైనున్న మైకు గరగరలాడింది.

"కెప్టెన్ మాట్లాడుతున్నాను. ఈ సాయంత్రం ఎండ తీవ్రత దృష్ట్యా భోజనశాలలో ఎర్రసముద్రపు వేషం అమల్లో ఉంటుంది. పెద్దమనుషులు కోట్లు తీసేయవచ్చు. వడదెబ్బ తగలకుండా జాగ్రత్తపడండి."

కిటికీలో మంచుకొండ నెమ్మదిగా జరిగిపోయింది. ముందు ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తరువాత వరుసంతా నవ్వులే.

"ఎండేమిటి, ఎండ!" అన్నారు మిలిసెంట్ లాంబోర్న్. ఆవిడ భర్త అప్పటికే ఒక చెయ్యి బయటకు లాగేశారు. "కెప్టెన్ ఆజ్ఞ మిలీ, మనమేం చేస్తాం!" నలభై ఏళ్లుగా ఆ ఆజ్ఞ కోసమే ఎదురుచూసిన మనిషిలా ఉన్నాడు. క్షణంలో వరుసలో ఒక్కరి ఒంటి మీదా కోటు లేదు. నేనూ నా నల్ల కోటు విప్పి కుర్చీకి తగిలించాను. చొక్కా చేతుల్లోంచి చలి నేరుగా ఎముకల్లోకి దిగింది.

పన్నెండో బల్లకు నేనే వడ్డించాను. ఇంకెవరినీ దగ్గరకు రానివ్వలేదు. అటొకరు, ఇటొకరు, మధ్యలో హెస్టర్ గారు. ఇద్దరు తమ్ముళ్లూ మెనూ కార్డును పరీక్షకు చదివినట్టు చదువుతున్నారు. సూప్ వచ్చింది. ఆవిడ చెంచా ఎత్తగానే కోటు చేతులు రెండూ గిన్నెలోకి జారబోయాయి. ఇద్దరూ ఒకేసారి చేతులు చాచారు. ఎవరి వైపు చెయ్యి వాళ్లు పట్టుకుని మడతపెట్టడం మొదలుపెట్టారు.

ఎడ్విన్ గారి వైపు రఫ్ ఉన్న అంచు వచ్చింది. దాని మీద బొటనవేలితో రాస్తూ, "నాన్నకి చలంటే పడేది కాదు," అన్నారు ఎవరితోనూ కాకుండా.

ఆర్నాల్డ్ గారు తల ఎత్తలేదు. "చలేం వెయ్యదులే అన్నయ్యా. నువ్వు క్రిస్మస్‌కి పంపిన నీలం స్వెటరే తొడిగాను. ఆ చలికాలమంతా ఒంటి మీంచి తియ్యలేదాయన."

ఎడ్విన్ గారి చెయ్యి ఆగిపోయింది. "నీలందా?"

"నీలందే."

"ఆ ముక్క అప్పుడే ఏడవచ్చుగా!"

"నువ్వు అడిగితేగా!"

ఎడ్విన్ గారు జేబురుమాలు తీసి, సూప్‌లో మిరియాలు ఎక్కువయ్యాయని నా మీద కసిరారు. ఆ సూప్‌లో మిరియాలు వేయరు. పొరపాటైందండీ, వంటవాడికి చెబుతాను అన్నాను.

ఆ సాయంత్రం భోజనశాల అంతా పళ్లు టకటకలాడించుకుంటూ తింది. మగవాళ్లందరూ రెండోసారి సూప్ అడిగారు, వంటింట్లోంచి మనిషొచ్చి ఇవాళ ఏమైందని అడిగి వెళ్లాడు. అయినా ఎవరూ కోటు తొడుక్కోలేదు. పన్నెండో బల్ల సంగతి ఒకరి నుంచి ఒకరికి పాకినట్టుంది. మిలిసెంట్ లాంబోర్న్ తన శాలువా తీసి భర్త భుజాల మీద కప్పారు, నా వైపు చూసి తల ఊపారు.

నేను రెండో వంటకం పట్టుకెళ్లాను. గొర్రె మాంసం, వేయించిన దుంపలు, పుదీనా పచ్చడి. అది ముందు పెట్టేసరికి హెస్టర్ గారు చెంచా పట్టుకునే ఉన్నారు. పళ్లెం వంక చూశారు, అటు చూశారు, ఇటు చూశారు. తమ్ముళ్లిద్దరూ అక్కడే ఉన్నారు.

"ఇదేమిటి తల్లీ?"

"గొర్రె మాంసం, మేడమ్. మధ్యలో వచ్చేది."

"అబ్బో," అన్నారావిడ, చెంచా పక్కన పెట్టి ఫోర్కు తీసుకుంటూ. "ఈ ఓడలో ఇది కూడా పెడతారన్నమాట."