బొటనవేల్లో పాముపొడ

నర్సరీలో మొక్కలకు అంట్లు కట్టే ఆవిణ్ణి అందరూ అంట్లక్క అనేవారు. పొద్దున్నే స్టూలేసుకుని కూర్చుందంటే, నాటు నిమ్మ కాండానికి గాటు పెట్టడం, మంచి రకం మొలక కన్ను అందులో దూర్చడం, టేపు చుట్టడం. మధ్యాహ్నానికి నూరు అంట్లు. ఒకరోజు అలా కడుతూ కడుతూ చూసుకుంటే, కుడి బొటనవేలి చర్మం కింద వెండి గీత ఒకటి వంకర్లు పోతోంది. మధ్యలో సన్నటి నల్ల చార.

"నిమ్మాకుల్ని లోపల్లోపల తొలిచే పాముపొడ పురుగే," అంది నీళ్లు పెట్టే ఆమె తొంగిచూసి. "లేత ఆకనుకుని గుడ్డు పెట్టిపోయింది కాబోలు. మూడు వారాలు ఆ వేలితో పని చెయ్యకక్కా, లోపలి పురుగు నలిగిపోతుంది పాపం."

సరేనంది అక్క. కాదనడం ఆవిడకు చేతకాదు. తనకు మొక్కలతో పొసగదని, నాన్న పెట్టిన నర్సరీ అమ్మేసి సెల్‌ఫోన్ల షాపు పెట్టుకుంటానని తమ్ముడన్నప్పుడూ సరేనని, లోపలికెళ్లి ముఖం కడుక్కుని వచ్చింది.

మర్నాడే అమ్మకం రిజిస్ట్రేషను. నర్సరీలో అక్కకూ వాటా ఉంది. గుమాస్తా ఆవిడ వేలు మిషను మీద మూడుసార్లు పెట్టించాడు. ముద్ర పడలేదు.

"లోపల పురుగుందిగా, ఎలా పడుతుందండీ? అది ఎగిరిపోయాక రండి," అన్నాడు.

తమ్ముడు ఉసూరుమన్నాడు. ఆర్డరు మీద ఒప్పుకున్న రెండువేల అంట్లు మిగిలే ఉన్నాయి. అక్క తప్ప కట్టేవాళ్లు లేరు. "నువ్వు చెప్పు, నేను కడతా," అని కత్తందుకున్నాడు.

మొదట కట్టినవన్నీ ఎండిపోయాయి.

"నొక్కకురా, జారనివ్వు! అదేమన్నా పెన్సిలా చెక్కడానికి?" చెయ్యి ఒళ్లో పెట్టుకుని అక్క కసిరింది. పుట్టి బుద్ధెరిగాక తమ్ముణ్ణి కసరడం అదే మొదలు. వాడు నవ్వేసి ఇంకో మొక్క తీసుకున్నాడు.

వారం దాటేసరికి గీత గోరు పక్కకు చేరింది. పురుగు అక్కడి చర్మాన్ని ఆకు అంచులా మడిచి, లోపల ముడుచుకు పడుకుంది. ఆ మరుసటి వారం తమ్ముడు కట్టిన అంటులో ఒక కన్ను పచ్చగా ఉబ్బింది. భోజనానికి పిలిస్తే రాలేదు. ఆ మొక్క ముందే గొంతుక్కూర్చున్నాడు.

మూడోవారం ఒక పొద్దున మడత విప్పుకుని రెక్కల పురుగు బయటికొచ్చింది. బియ్యపు గింజంత కూడా లేదు. వెండి రెక్కలు, చివర్లో నల్ల చుక్క. కాసేపు వేలి మీదే రెక్కలారబెట్టుకుని నిమ్మమొక్కల్లోకి పోయింది.

అక్క కాగితాల సంచీ తీసుకుని నర్సరీకొచ్చింది. "వేలు బాగైందిరా. ఆఫీసుకు పోదామా?"

అప్పుడే నర్సరీ కొనేవాడు ఫోను చేశాడు. తమ్ముడి చేతుల నిండా మట్టి. ఫోను చెంపకూ భుజానికీ మధ్య ఇరికించుకున్నాడు.

"ఈ వారం కుదరదండీ... వచ్చే వారమా? అప్పుడూ కుదరదు. అసలు అమ్మట్లేదండీ."

ఫోను పక్కన పడేసి, అక్క ముఖంలోకి చూడకుండానే చెయ్యి చాపాడు. "నిలబడిపోయావేంటక్కా, ఆ టేపిలా ఇవ్వు. కన్ను ఆరిపోతోంది."